508001508001 లోపల ఏమున్నది? పిన్‌కోడ్ రెండుసార్లు రాస్తే పుట్టే సంఖ్య

తమ్ముడూ,

నీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, కొత్తగా చదివేవాళ్లకు కూడా విషయం తెలియాలి. నువ్వు మిర్యాలగూడ నుంచి వచ్చి నల్గొండ జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదువుకుంటున్నావు. పక్కన కూర్చునే దోస్తు నల్గొండ పిన్‌కోడ్ 508001ని రెండుసార్లు పక్కపక్కనే రాసి, "508001508001, ఇది 101తో నిశ్శేషంగా పోతుంది" అని చూసీచూడగానే అన్నాడు. కాలిక్యులేటర్‌లో కొడితే నిజంగానే పోయింది. అతనికి ఎట్లా తెలిసిందన్నది నీ మొదటి ప్రశ్న. తర్వాత ఆ సంఖ్యను ఒక సైటులో వేస్తే పెద్ద పట్టిక వచ్చింది: ప్రధాన సంఖ్య కాదు, కారణాంకాలు 32, వాటి మొత్తం 576914284800, న్యూన సంఖ్య, రెండు వర్గాల మొత్తంగా రాయలేం, 1ని దీనితో భాగిస్తే దశాంశాలు 37356 అంకెలకొకసారి తిరిగి వస్తాయి. ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి, కంప్యూటర్ లేకుండా మనం తేల్చగలమా అన్నది రెండో ప్రశ్న.

తేల్చగలం. ఈ జిల్లాలో చాలా ఏళ్లుగా హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెప్తున్నవాణ్ని, ఇట్లాంటి ప్రశ్న వస్తే నాకు చాలా ఇష్టం. పట్టికలో ఉన్న ప్రతి వరుసకూ మూలం ఒకటే: ఆ సంఖ్య ఏయే ప్రధాన సంఖ్యల గుణకారంతో తయారైంది అనేది. అది తెలిస్తే మిగిలినవన్నీ దాని వెనకే వస్తాయి. కాబట్టి సమాధానంలో ఎక్కువ భాగం ఆ విడగొట్టడం మీదనే ఉంటుంది.

బండ కొట్టే వడ్డెరాయన చేతిలో సుత్తి ఉన్నా ముందు బండ చుట్టూ తిరిగి పొర ఎటు పోతున్నదో చూస్తాడు, పొర దొరికిన చోటే ఉలి పెడతాడు. పెద్ద సంఖ్యతో కూడా అట్లనే చెయ్యాలి. 3 పోతుందా, 7 పోతుందా అని వరుసగా భాగించుకుంటూ పోతే ఈ సంఖ్యకు దాని వర్గమూలం దాకా, అంటే సుమారు 7 లక్షల 12 వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటినీ ప్రయత్నించాల్సి వస్తుంది. అవి 50 వేలకు పైగా ఉంటాయి. ఆ దారి మనది కాదు. ముందు ఆకారం చూద్దాం.

ఆరంకెల సంఖ్యను రెండుసార్లు రాశామంటే ఏం చేసినట్టు? మొదటిసారి రాసినది ఆరు స్థానాలు ఎడమకు జరిగింది, అంటే 10 లక్షలతో గుణించినట్టు. రెండోది ఉన్నచోటే ఉంది. కాబట్టి

508001508001 = 508001 × 1000000 + 508001 = 508001 × 1000001

పన్నెండంకెల సంఖ్య ఒక్క వరుసలో ఆరంకెలది ఒకటి, ఏడంకెలది ఒకటి అయిపోయింది. ఇందులో 1000001కి పిన్‌కోడ్‌తో ఏ సంబంధమూ లేదు. నువ్వు ఏ ఆరంకెల సంఖ్యను రెండుసార్లు రాసినా అది వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడు 1000001ని ఇట్లా చూడు: 100 ఘనం 1000000 కదా, కాబట్టి ఇది 100³ + 1. తొమ్మిదో తరగతిలో చదివిన సర్వసమీకరణం గుర్తు తెచ్చుకో:

క³ + 1 = (క + 1)(క² − క + 1)

క స్థానంలో 100 పెడితే 101 × (10000 − 100 + 1) = 101 × 9901. నీ దోస్తు చెప్పిన 101 ఇదే. పాలమూరు పిన్‌కోడ్ 509001ని రెండుసార్లు రాసినా, గద్వాల 509125ని రాసినా, మరే ఆరంకెల సంఖ్యను రాసినా 101 పోతుంది, 9901 కూడా పోతుంది.

పోటీ పరీక్షల్లో తరచుగా అడిగేది మూడంకెల రూపం. 247247 లాంటి సంఖ్య ఇచ్చి ఏవేవి పోతాయంటారు. అక్కడ బయటికి వచ్చేది 1001 = 7 × 11 × 13. చాలామంది దీన్ని చిట్కాగా బట్టీ పట్టి అక్కడే ఆగిపోతారు. ఒక్క అడుగు ముందుకు వేస్తే చక్కటి విషయం కనిపిస్తుంది. రెండంకెలను రెండుసార్లు రాస్తే 101 వస్తుంది, అది ప్రధాన సంఖ్య. నాలుగంకెలను రాస్తే 10001 = 73 × 137. ఐదంకెలను రాస్తే 100001 = 11 × 9091. అంకెల సంఖ్య బేసి అయిన ప్రతిసారీ 11 ఉంటుంది, ఎందుకంటే 10 బేసి ఘాతానికి 1 కలిపితే దానికి 10 + 1 కారణాంకం అవుతుంది. ఆరు సరి సంఖ్య కాబట్టి 11 రాదు. కానీ ఆరును రెండు మూళ్లుగా చూస్తే మూడు బేసి, అందుకే 10² + 1, అంటే 101, దొరికింది. నాలుగులో 1 తప్ప బేసి భాగమే లేదు, అందుకే 10001కి ఈ సర్వసమీకరణం సాయం చెయ్యదు. 73, 137లను వేరే దారిలో వెతుక్కోవాలి.

101 ప్రధాన సంఖ్య అని చెప్పడానికి కష్టం లేదు. మరి 9901? మామూలుగా అయితే 99 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే 25 సంఖ్యలతో, భాగించి చూడాలి. ఇక్కడ ఐదు భాగహారాలతో పని అయిపోతుంది. కారణం చెప్తాను, కొంచెం నెమ్మదిగా చదువు. ఏదైనా ప్రధాన సంఖ్య 9901ని భాగిస్తే అది 1000001ని కూడా భాగిస్తుంది. అంటే ఆ ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు 10⁶ శేషం −1 అవుతుంది, 10¹² శేషం 1 అవుతుంది. 10ని తన మీద తాను గుణించుకుంటూ పోతే శేషం మొదటిసారి 1 అయ్యే ఘాతం 12ని భాగించాలి కానీ 6ని భాగించకూడదు. అట్లాంటివి 4, 12 రెండే. అది 4 అయితే 10² శేషం −1 అవుతుంది, అంటే ఆ ప్రధాన సంఖ్య 101నే భాగిస్తుంది, అంటే అది 101నే. కానీ 9901ని 101తో భాగిస్తే శేషం 3 వస్తుంది. కాబట్టి ఆ ఘాతం 12 మాత్రమే.

ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ఉన్నది: ప్రధాన సంఖ్య నుంచి 1 తీసేస్తే వచ్చే దాన్ని ఈ ఘాతం భాగించి తీరాలి. అంటే 9901ని భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 12తో భాగిస్తే శేషం 1 ఇచ్చేదే కావాలి. 99 లోపు అట్లాంటి ప్రధాన సంఖ్యలు 13, 37, 61, 73, 97 మాత్రమే. భాగించి చూడు: శేషాలు వరుసగా 8, 22, 19, 46, 7. ఒక్కటీ పోలేదు. 9901 ప్రధాన సంఖ్య అని తేలింది. ఇరవై ఐదు భాగహారాలను ఐదుకు తెచ్చిన ఈ తర్కాన్ని పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి.

ఇప్పుడు 508001. ఇది మన ఊరి సంఖ్య, దీని గురించి రెండు మాటలు. పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మొదటి అంకె 5 అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఉన్న ప్రాంతం. మొదటి మూడంకెలు ఉత్తరాలను విడదీసే జిల్లాను చెప్తాయి, మనకు 508, పాలమూరుకు 509. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసును చెప్తాయి. అంటే ఈ సంఖ్యను ఎవరూ గణితం కోసం ఎంచుకోలేదు. అయినా లోపల ఎంత అందంగా ఉన్నదో చూడు.

అంకెల మొత్తం 14, కాబట్టి 3 పోదు. చివర 1, కాబట్టి 2, 5 పోవు. 7, 11, 13లకు వేర్వేరుగా భాగించాల్సిన పని లేదు, 1001 ఉపాయం మూడింటికీ ఒకేసారి చెప్తుంది: సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి తేడా తియ్యి. 508 − 001 = 507. ఈ 507ను 7 భాగిస్తేనే అసలు సంఖ్యను 7 భాగిస్తుంది, 11కూ 13కూ అంతే. 507 = 3 × 13 × 13. అంటే 13 పోతుంది, 7, 11 పోవు. 508001 ÷ 13 = 39077. ఇందులో మళ్లీ 13 పోదు, శేషం 12. 17కు శేషం 11, 19కి శేషం 13. 23 దగ్గరికి వచ్చేసరికి 39077 అంటే 39100 − 23 అని కనిపిస్తుంది. 39100 = 23 × 1700 కాబట్టి 39077 = 23 × 1699. మిగిలిన 1699కి వర్గమూలం 41 దాటి కొంచెం ఉంటుంది. 41 దాకా ఉన్న ప్రధాన సంఖ్యల్లో ఏదీ పోదు, అది ప్రధాన సంఖ్యే.

508001 = 13 × 23 × 1699

ఇది సరైన దారే. కానీ ఇంకో దారి ఉన్నది, నాకు అదే ఎక్కువ ఇష్టం. 999 వర్గం ఎంత? 1000 వర్గంలోంచి 2000 తీసి 1 కలిపితే 998001. చివర మూడంకెలు 001. మన 508001 చివరా 001. తేడా 490000, అది 700 వర్గం! అంటే

508001 = 999² − 700² = (999 − 700)(999 + 700) = 299 × 1699

ఒక్క భాగహారం కూడా చెయ్యకుండా సంఖ్య రెండు ముక్కలైంది. 299 అంటే 300 − 1, అది 13 × 23. బేసి సంఖ్యను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే వెంటనే విడిపోతుందన్న ఈ పద్ధతిని 17వ శతాబ్దంలో ఫ్రాన్సులో న్యాయవృత్తిలో ఉంటూ గణితం చేసిన పియర్ డి ఫెర్మా వాడాడు. చిన్న ప్రధాన సంఖ్యలు ఏవీ పోని చోట, కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటే ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నీ పెద్ద సంఖ్యకు కూడా ఇట్లాంటి రూపమున్నది. 508001, 1000001 రెండింటి సగటు 754001, తేడాలో సగం 246000. కాబట్టి 508001508001 = 754001² − 246000². కాగితం మీద వర్గాలు వేసి సరిచూసుకో.

మొత్తం కలిపి:

508001508001 = 13 × 23 × 101 × 1699 × 9901

ఐదు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు లేదు. వీటిని ఏ వరుసలో రాసినా ఇవే ఐదు, వేరే ఐదుతో ఈ సంఖ్య తయారు కాదు. పదో తరగతిలో అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అని చదివింది ఇదే. ఇక్కడి నుంచి సైటు ఇచ్చిన పట్టికను మనమే నింపవచ్చు.

కారణాంకం అంటే ఈ ఐదింటిలో కొన్నిటిని తీసుకుని గుణించినది. ఒక్కోదాన్ని తీసుకుంటామా వద్దా అని రెండేసి దారులు, ఐదింటికి 2⁵ = 32. గ్రూప్స్‌లో, ఎస్సై పరీక్షల్లో కారణాంకాల సంఖ్య అడిగే ప్రశ్నలన్నిటికీ ఇదే మూలం. ఏదైనా ప్రధాన సంఖ్య మూడుసార్లు ఉంటే దానికి రెండు దారుల బదులు నాలుగు ఉంటాయి, అంతే తేడా. 32 కారణాంకాలు 16 జంటలవుతాయి. అన్నీ బేసి కాబట్టి ఒక్కో జంటా ఒక్కో వర్గాల భేదాన్నిస్తుంది. పైన రాసిన 754001, 246000 ఆ పదహారింట్లో ఒకటి.

కారణాంకాల మొత్తానికి 32 సంఖ్యలూ రాసి కూడాల్సిన పని లేదు. (1 + 13)(1 + 23)(1 + 101)(1 + 1699)(1 + 9901) అని గుణిస్తే చాలు, ఎందుకంటే ఈ కుండలీకరణాలను విప్పితే ప్రతి కారణాంకమూ సరిగ్గా ఒక్కసారి వస్తుంది. 14 × 24 × 1700 = 571200, 102 × 9902 = 1010004. రెండూ గుణిస్తే 576914284800. అందులోంచి అసలు సంఖ్యను తీసేస్తే 68912776799 మిగులుతుంది. సంఖ్య కంటే దాని మిగతా కారణాంకాల మొత్తం చాలా తక్కువ, అందుకే న్యూన సంఖ్య అన్నారు. 6, 28 లాంటి వాటికి ఈ మొత్తం సరిగ్గా ఆ సంఖ్యకే సమానమవుతుంది, వాటిని పరిపూర్ణ సంఖ్యలంటాం. 12కైతే ఈ మొత్తం సంఖ్యను దాటిపోతుంది: 1 + 2 + 3 + 4 + 6 = 16. మొత్తాన్ని పెంచేవి 2, 3 లాంటి చిన్న ప్రధాన సంఖ్యలు. మన సంఖ్యలో అన్నిటికంటే చిన్నది 13, కాబట్టి ఇది న్యూనమని లెక్క వేయకముందే ఊహించవచ్చు. బేసి సంఖ్యల్లో మొత్తం దాటిపోయే మొట్టమొదటిది 945, అందులో 3 మూడుసార్లు ఉంది, 5, 7 కూడా ఉన్నాయి.

508001508001 కంటే చిన్నవై, దానితో 1 తప్ప మరే ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు ఎన్ని అన్నదానికి 12 × 22 × 100 × 1698 × 9900 = 443789280000. ప్రతి ప్రధాన సంఖ్య నుంచి 1 తీసి గుణించడమే. దీన్ని ఆయిలర్ ఫై ప్రమేయం అంటారు.

రెండు వర్గాల మొత్తం సంగతి దగ్గర కొంచెం ఆగుదాం, ఈ పట్టికలో లోతైన వరుస అదే. 4తో భాగిస్తే ఈ సంఖ్యకు శేషం 1. శేషం 3 అయి ఉంటే వెంటనే కాదు అనేవాళ్లం, ఎందుకంటే వర్గాలకు శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది, రెండు కలిపితే 3 రాదు. శేషం 1 కాబట్టి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. లోపలికి పోవాలి. ఐదు ప్రధాన సంఖ్యల్లో 13, 101, 9901లకు శేషం 1, 23, 1699లకు శేషం 3. శేషం 1 వచ్చే ప్రధాన సంఖ్యలన్నీ రెండు వర్గాల మొత్తమవుతాయని ఫెర్మా 1640లో చెప్పాడు, ఆయిలర్ తర్వాతి శతాబ్దంలో నిరూపించాడు. చూడు: 13 = 2² + 3², 101 = 1² + 10², 9901 = 10² + 99².

అడ్డం పడేది 23. రెండు సంఖ్యల వర్గాల మొత్తాన్ని 23 భాగించిందనుకో, ఆ రెంటిలో ఒకదాన్ని 23 భాగించలేదనుకో. అప్పుడు రెండోదాన్నీ భాగించదు. మొదటి వర్గం శేషం రెండో వర్గం శేషానికి వ్యతిరేక గుర్తులో ఉంటుంది. రెండు వైపులా 11వ ఘాతానికి పెంచు. 11 బేసి కాబట్టి గుర్తు అట్లనే ఉంటుంది, రెండు వైపులా 22వ ఘాతాలు వస్తాయి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం రెంటికీ శేషం 1. అంటే 1, −1 ఒకటే అని వచ్చింది, 23 దగ్గర అది అసాధ్యం. కాబట్టి 23 ఆ రెండు సంఖ్యలనూ భాగించాలి, వాటి వర్గాల మొత్తాన్ని 23 × 23 భాగించాలి. మన సంఖ్యలో 23 ఒక్కసారే ఉంది. అందుకే 508001508001ని రెండు వర్గాల మొత్తంగా ఎవరూ ఎప్పటికీ రాయలేరు. 1699 కూడా ఇట్లనే అడ్డం పడుతుంది, కానీ ఒక్క అడ్డం చాలు.

ఆ రెండు లేకపోతే? 13 × 101 × 9901 = 13000013. ఇది తప్పకుండా రెండు వర్గాల మొత్తం కావాలి, ఎందుకంటే అట్లాంటి రెండు సంఖ్యల లబ్ధం కూడా అట్లాంటిదే అవుతుందని బ్రహ్మగుప్తుడు 628లో ఇచ్చిన సూత్రం నుంచి వస్తుంది. 1000001 = 1000² + 1², దాన్ని 2² + 3²తో కలిపితే 2003² + 2998² = 13000013. రెండు వర్గాలూ వేసి కూడి చూడు. మన దేశంలో పదమూడు వందల ఏళ్ల కిందటే తెలిసిన సూత్రం మన జిల్లా పిల్లల పాఠంలో ఇంకా ఎక్కువగా కనిపించాలని నాకు గట్టిగా ఉన్నది.

చివరిది ఆవర్తన దశాంశం, 37356 అంకెలు. 1ని ఒక సంఖ్యతో భాగిస్తూ పోతుంటే శేషం మళ్లీ 1 అయినప్పుడు అంకెలు మొదటి నుంచి తిరుగుతాయి. అంటే 10 ఎన్నో ఘాతానికి శేషం 1 అవుతుందో అదే ఆవర్తనం పొడవు. 13కు 6 అంకెలు: 076923. 101కి 4: 0099. 9901కి పైన తర్కంలోనే 12 అని తేలింది, ఆ అంకెలు 000100999899. 23కు 22, అది పూర్తి పొడవు, అంతకంటే ఎక్కువ రాదు. 1699 దగ్గర కొంత పని ఉంది. ఆ పొడవు 1698ని భాగించాలి. 1698 = 2 × 3 × 283. అంత దూరం భాగహారం చెయ్యకుండా, శేషాన్ని వర్గం చేసుకుంటూ పోతే ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతుంది: 10⁸కు శేషం 258, 10¹⁶కు 303, 32వ ఘాతానికి 63, 64వదానికి 571, 128వదానికి 1532, 256వదానికి 705. ఇక 283 = 256 + 16 + 8 + 2 + 1. 705ను 303తో గుణించి శేషం తీస్తే 1240. దాన్ని 258తో గుణిస్తే శేషం 508. మన జిల్లా సంఖ్య ఇక్కడ మళ్లీ ఎదురవడం చూసి సంతోషమేసింది. దాన్ని 100తో గుణిస్తే శేషం 1529, మళ్లీ 10తో గుణిస్తే 15290, అది 1699 × 9 కంటే సరిగ్గా 1 తక్కువ. అంటే 283వ ఘాతానికి శేషం −1, కాబట్టి 566వ ఘాతానికి 1. 283 ప్రధాన సంఖ్య కాబట్టి 566కు ఉన్న కారణాంకాలు 1, 2, 283, 566 మాత్రమే, మొదటి మూడూ కుదరవు. 1699కి పొడవు 566.

ఐదూ ఒకేసారి మొదటికి రావాలంటే క.సా.గు కావాలి. 6, 22, 4, 566, 12ల క.సా.గు = 12 × 11 × 283 = 37356. పట్టికలో చివరి వరుస కూడా చేత్తోనే వచ్చింది.

ఇంత సులువుగా విడిపోయిందంటే ఈ సంఖ్య మంచిది కాబట్టి. అన్నీ ఇట్లా ఉండవు. పాలమూరు 509001 తీసుకో. అంకెల మొత్తం 15, 3 పోతుంది, 169667 మిగులుతుంది. దీన్ని నేను పూర్తిగా భాగించి చూశాను. వర్గమూలం 411 దాటుతుంది, 409 దాకా ఉన్న ఎనభై ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ పోదు, అది ప్రధాన సంఖ్యే. చేసే పని చాలా, చివరికి వచ్చే జవాబు ఒక్క మాట. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక, గుణించినదాన్ని విడగొట్టడం కష్టం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు ఈ తేడా మీదనే రహస్య లిపి పద్ధతి కట్టారు. ఇంటర్నెట్‌లో మన సమాచారాన్ని కాపాడే పద్ధతుల్లో అది ఇప్పటికీ ఉన్నది. 250 అంకెల అట్లాంటి ఒక సంఖ్యను 2020లో ఎన్నో కంప్యూటర్లు కలిసి పనిచేస్తే విడగొట్టగలిగారు. ఇప్పుడు వాడుతున్నవి 600 అంకెలు దాటినవి.

పరీక్ష దృష్టితో నీకు కావలసినవి మూడే: రెండుసార్లు రాసిన సంఖ్యలో దాగిన 101, 1001, 1000001లను గుర్తుపట్టడం, 1001 ఉపాయం, కారణాంకాల సంఖ్యకూ మొత్తానికీ సూత్రాలు. మిగిలినవి ఇష్టముంటే చదువు. నల్గొండ ఎంజీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో గణితం తీసుకునే ఆలోచన ఉంటే తప్పకుండా చదువు.

ఇప్పుడు నీ ఊరి పిన్‌కోడ్ 508207 చెయ్యి. 508 − 207 = 301, అది 7 × 43. కాబట్టి 7 పోతుంది, 72601 మిగులుతుంది. దాని వర్గమూలం 269 దాటుతుంది కానీ అంత దూరం పోవాల్సిన పని రాదు, 80 లోపే ఒకటి దొరుకుతుంది. అది దొరికాక 508207508207కు కారణాంకాలు ఎన్ని, వాటి మొత్తం ఎంత, రెండు వర్గాల మొత్తంగా రాయగలమా అన్న మూడింటికీ జవాబులు, ఎట్లా వచ్చాయో మెట్లతో సహా ఇక్కడే రాయి. చూసి చెప్తాను.